పీఎస్5 కూడా కంప్యూటరేనా? కన్సోల్‌కీ పీసీకీ మధ్య గీత ఎక్కడుంది

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ పూర్తయి కాలేజీలు తెరిచే రోజుల్లో విజయవాడ గవర్నర్‌పేట కంప్యూటర్ షాపుల్లో ఒక వాదన తరచూ వినిపిస్తుంది. అబ్బాయికి సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) లాంటి, గేములు ఆడుకునే మెషీన్ కావాలి, నాన్నకి చదువుకి పనికొచ్చేది కావాలి. "పీఎస్5 కూడా కంప్యూటరే నాన్నా, లోపల ఉన్నది పీసీల్లో ఉండే ఏఎండీ కంపెనీ చిప్పే" అంటాడు అబ్బాయి. "కంప్యూటరే అయితే అందులో నీ ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేసి చూపించు" అంటాడాయన. ఇద్దరూ చెప్పేది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ మధ్య కంపెనీలు ఆ చిక్కుని ఇంకా పెంచాయి. మైక్రోసాఫ్ట్ 2024 నవంబర్‌లో ఫోన్‌నీ, టీవీనీ, ల్యాప్‌టాప్‌నీ చూపించి ఇవన్నీ ఎక్స్‌బాక్సులే (ఎక్స్‌బాక్స్ అంటే ఆ కంపెనీ గేమ్ కన్సోల్) అని ప్రచారం మొదలుపెట్టింది. 2025 అక్టోబర్‌లో ఆసుస్‌తో కలిసి ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై అనే చేతిలో పట్టే మెషీన్ తెచ్చింది. పేరులో ఎక్స్‌బాక్స్ ఉంది, లోపల నడిచేది విండోస్ 11. మరుసటి నెలలో, స్టీమ్ అనే పీసీ గేముల స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ స్టీమ్ మెషీన్ అనే చిన్న చదరపు పెట్టెని ప్రకటించింది. అది టీవీ కింద కన్సోల్‌లా కూర్చుంటుంది, కానీ అందులో ఉన్నది విండోస్‌కి బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పీసీ.

చూపుకి ఏది ఏదో చెప్పలేని స్థితి వచ్చింది కాబట్టి, గీత నిజంగా చెరిగిపోయిందా, లేక ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగిందా అన్నది విప్పి చూడాలి.

## ముందు రెండు మాటలు తేల్చుకుందాం

పీసీ అంటే ఇక్కడ నా ఉద్దేశం, ఏ కంపెనీ చేసిన భాగాలతోనైనా కట్టుకోగలిగి, ఏ ప్రోగ్రామ్ అయినా యజమాని ఇష్టప్రకారం పెట్టుకోగలిగే మెషీన్. ప్రాసెసర్ ఒకరిది, మదర్‌బోర్డు ఇంకొకరిది, గ్రాఫిక్స్ కార్డు మరొకరిది. మనం సీపీయూ అని పిలిచే పెట్టె విప్పి ర్యామ్ మార్చుకోవచ్చు, విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోవచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు.

కన్సోల్ అంటే ఒకే కంపెనీ తయారు చేయించి, ఒకే రకంగా లక్షల సంఖ్యలో అమ్మే మెషీన్. అందులో ఏది నడవాలో తేల్చేది ఆ కంపెనీ. ఆ కంపెనీ సంతకం లేని ప్రోగ్రామ్ తెరుచుకోదు. ఇక్కడ సంతకం అంటే డిజిటల్ తాళం లాంటి ఒక సంఖ్య. గేమ్ తెరిచే ముందు మెషీన్ దాన్ని సరిచూస్తుంది, సరిపోకపోతే ఆపేస్తుంది.

ఈ నిర్వచనాల్లో చిప్పుల ఊసు రాలేదు. ఒకప్పుడు వచ్చేది.

## లోపలి చిప్పు ఒకటే అయిన కథ

2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లో సోనీ, తోషిబా కలిసి చేసిన ఎమోషన్ ఇంజిన్ అనే ప్రత్యేకమైన ప్రాసెసర్ ఉండేది. 2006 నాటి ప్లేస్టేషన్ 3లో సెల్ అనే ఇంకా వింత చిప్పు. దానిమీద గేమ్ రాయడం అలవాటు కావడానికి ప్రోగ్రామర్లకి ఏళ్ళు పట్టింది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 కూడా పవర్‌పీసీ అనే, పేరులో పీసీ ఉన్నా మన విండోస్ పీసీల్లో ఉండని రకం ప్రాసెసర్ మీదే నడిచింది. ఆ రోజుల్లో కన్సోల్ గేమ్‌ని పీసీకి తేవడమంటే సగం మళ్ళీ రాయడమే.

మధ్యలో ఒక్క మినహాయింపు. 2001లో మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్ చేసినప్పుడు అందులో పెట్టింది 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ప్రాసెసర్, ఎన్విడియా గ్రాఫిక్స్, 64 ఎంబీ మెమరీ, ఒక హార్డ్ డిస్క్. మనిళ్ళల్లో పెంటియం త్రీ కంప్యూటర్లు ఉన్న కాలంలో అది దాదాపు అదే సరుకు.

అసలు మలుపు 2013. ఆ ఏడాది నవంబర్‌లో వారం తేడాతో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ ఏఎండీ ఎక్స్86 చిప్పుల మీదే నడిచాయి. ఎక్స్86 అంటే మన ల్యాప్‌టాప్‌లలోని ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు అర్థం చేసుకునే ఆదేశాల భాష. పీఎస్4 ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలం ఫ్రీబీఎస్‌డీ, అంటే ఎవరైనా వాడుకోగలిగే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. ఎక్స్‌బాక్స్ వన్‌లో ఉన్నది విండోస్ రూపాంతరమే. 2020లో వచ్చిన పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా అదే దారిలో నడిచాయి. రెండింటిలోనూ ఏఎండీ చేసిన ఎనిమిది కోర్ల జెన్ 2 ప్రాసెసర్, ఆర్‌డీఎన్ఏ 2 తరం గ్రాఫిక్స్, 16 జీబీ మెమరీ.

నింటెండో మాత్రం వేరు. 2017 స్విచ్‌లోనూ, 2025 స్విచ్ 2లోనూ ఫోన్లలో వాడే ఆర్మ్ రకం చిప్పులే. తన సొంత గేములని పీసీకి ఇవ్వదు. అక్కడ గీత ఇంకా పాత చోటే ఉంది.

మిగతా రెండు కంపెనీల విషయంలో అబ్బాయి మాటే నెగ్గుతుంది. చిప్పుని బట్టి చూస్తే పీఎస్5 కంప్యూటరే.

## అదే చిప్పు, అదే గేమ్, పీసీలో ఎందుకు తడబడుతుంది

మరి ఒకే రకం చిప్పు అయితే, ఖరీదైన పీసీలో కూడా కొత్త గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు మధ్యమధ్యలో ఎందుకు ఆగుతుంది? ఈ ప్రశ్న గేములు ఆడే ప్రతి ఒక్కరికీ ఎదురైందే. దీనికి జవాబు తెలిస్తే కన్సోల్ అసలు బలం ఏంటో అర్థమవుతుంది.

గేమ్‌లో నీళ్ళ మీద వెలుగు, ఇటుక గోడ మీద తడి, పాత్ర చర్మం మీద నీడ, వీటన్నిటినీ లెక్కగట్టే చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. వాటిని షేడర్లు అంటారు. ఒక పెద్ద గేమ్‌లో ఇవి వేలల్లో ఉంటాయి. వీటిని గ్రాఫిక్స్ చిప్పుకి అర్థమయ్యే భాషలోకి మార్చాలి, ఆ భాష ఒక్కో చిప్పుకి ఒక్కో రకం, ఒక్కోసారి ఆ చిప్పుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మారినా తేడా వస్తుంది.

పీఎస్5 గేమ్ రాసేవాళ్ళకి ఈ బాధ లేదు. ఎదురుగా ఉండే గ్రాఫిక్స్ చిప్పు ఏదో ముందే తెలుసు, కాబట్టి షేడర్లన్నీ ముందే మార్చేసి గేమ్‌తో పాటే ఇచ్చేస్తారు. పీసీకి అలా కుదరదు. ఎదురుగా ఉన్నది పాత ఎన్విడియా కార్డో, కొత్త ఏఎండీ కార్డో, ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ గ్రాఫిక్సో తెలీదు. పెళ్ళివారందరికీ ఒకే కొలత అని తెలిస్తే దర్జీ బట్టలు ముందే కుట్టి పెట్టుకుంటాడు, తెలీనప్పుడు మనిషి వచ్చి నిలబడ్డాకే కొలత తీయాలి. పీసీ గేమ్ కొలత తీసేది మనం ఆడుతున్నప్పుడే. ఆ క్షణమే స్క్రీన్ ఆగినట్టు కనిపిస్తుంది. 2023 మార్చిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' పీసీకి వచ్చినప్పుడు, ఆట మొదలుకాకముందే షేడర్లు తయారు కావడానికి చాలాసేపు కూర్చోవాల్సి వచ్చిందని ఆడినవాళ్ళు గగ్గోలు పెట్టారు. పీఎస్5లో ఆ ఎదురుచూపు లేదు.

మెమరీది రెండో తేడా. పీఎస్5లోని 16 జీబీ ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ ఉమ్మడి ఆస్తి. పీసీలో ర్యామ్ వేరు, గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ వేరు, బొమ్మల డేటా ఒకదాని నుంచి ఇంకోదానికి ప్రయాణం చేయాలి. కన్సోల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసిన గేములు, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డున్న పీసీలో ఇరుకున పడటానికి కారణాల్లో ఇదొకటి.

కాబట్టి కాగితం మీద ఒకేలా కనిపించే రెండు మెషీన్లలో ఒకటి సాఫీగా, ఒకటి తడబడుతూ నడవడం ఎవరి తప్పూ కాదు. పీసీలో భాగాలు మార్చుకునే స్వేచ్ఛకి అది వెల.

## 2010 ఏప్రిల్ 1: సోనీ ఒక తలుపు మూసిన రోజు

గీత ఎక్కడుందో నాకు అన్నిటికంటే స్పష్టంగా చూపించే ఘటన ఇది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

పీఎస్3 వచ్చినప్పుడు అందులో 'అదర్ ఓఎస్' అనే సదుపాయం ఉండేది. దాంతో లైనక్స్ వేసుకుని, కీబోర్డూ మౌసూ తగిలించుకుని, మామూలు కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. సోనీయే ఇచ్చింది, దొంగదారి కాదు.

ఇప్పుడు ధర చూడండి. అమెరికాలో 60 జీబీ పీఎస్3ని 599 డాలర్లకు అమ్మారు. లోపలి భాగాలకే 840 డాలర్ల దాకా ఖర్చవుతుందని ఐసప్లై అనే పరిశోధన సంస్థ అప్పట్లో అంచనా కట్టింది. అంటే ఒక్కో పెట్టె మీద రెండు వందల డాలర్లకు పైగా నష్టం. ఆ నష్టాన్ని సోనీ ఎక్కడ రాబట్టుకోవాలి? గేముల మీద. అమ్ముడైన ప్రతి గేమ్ మీదా కన్సోల్ కంపెనీకి వాటా వస్తుంది, డిజిటల్ స్టోర్లలో ఇప్పుడది మామూలుగా 30 శాతం.

ఈ లెక్కలో ఒక కంత ఉంది. పెట్టె కొని గేములు కొననివాడు కంపెనీకి నష్టం. సరిగ్గా అలాంటి కొనుగోలుదారే వచ్చాడు. అమెరికా వైమానిక దళ పరిశోధన విభాగం 1,760 పీఎస్3లని కలిపి కాండోర్ అనే సూపర్‌కంప్యూటర్ కట్టింది. అంత లెక్కలు చేసే శక్తి అంత చవగ్గా ఇంకెక్కడా దొరకలేదు మరి. ఆ 1,760 పెట్టెల మీద గేములు ఎవరు ఆడతారు?

2010 ఏప్రిల్ 1న సోనీ ఒక అప్‌డేట్ పంపింది. అది వేసుకుంటే అదర్ ఓఎస్ పోతుంది, వేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు పోతాయి. సోనీ చెప్పిన కారణం భద్రత. దాని ముందు కొద్ది నెలల్లోనే ఒక హ్యాకర్ ఆ దారినే మెషీన్ తాళం తీసే ప్రయత్నం చేశాడు కాబట్టి ఆ కారణం ఉత్తదేం కాదు. పైరసీ మొదలైతే గేముల అమ్మకం పడిపోతుంది, గేములు పడిపోతే వ్యాపారమే ఉండదు. రెండో వైపు వాదనా బలమైనదే: డబ్బిచ్చి కొన్న వస్తువులోంచి, ఉందని చెప్పి అమ్మిన సదుపాయాన్ని ఇంట్లో ఉండగానే ఎలా తీసేస్తారు? అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెళ్ళారు, ఏళ్ళ తరబడి నడిచి చివరికి సోనీ పరిహారానికి ఒప్పుకుని రాజీ చేసుకుంది.

ఆ రోజు పీఎస్3 లోపల ఒక్క స్క్రూ కూడా మారలేదు. నిన్నటిదాకా కంప్యూటర్, ఇవాళ్టి నుంచి కాదు. చిప్పు ఏదైతేనేం, తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే కన్సోల్‌నీ పీసీనీ విడదీస్తోందని నేను అనుకోవడానికి ఇదే ఆధారం.

## ఇదే ప్రశ్న పన్ను లెక్కల్లో

ప్రభుత్వాలు కూడా ఈ గీత దగ్గర తడబడ్డాయి. పీఎస్2 రోజుల్లో ఐరోపాలో దిగుమతి సుంకం కంప్యూటర్లకి ఉండేది కాదు, వీడియో గేమ్ మెషీన్లకి ఉండేది. ప్లేస్టేషన్ 2ని కంప్యూటర్‌గా లెక్కించమని సోనీ పట్టుబట్టింది. ఐరోపాలో అమ్మిన పీఎస్2తో పాటు యాబేసిక్ అనే చిన్న ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చింది. ఐరోపా కమిషన్ వీడియో గేమ్ కిందకే చేర్చింది, 2003లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

మన దగ్గర 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కంప్యూటర్ మీద 18 శాతం, వీడియో గేమ్ కన్సోల్ మీద 28 శాతం పన్ను వేశారు. ఒకే కంపెనీ చిప్పు, ఒకే రకం మెమరీ, కానీ అప్పటి లెక్కలో ఒకటి పని వస్తువు, ఇంకొకటి విలాసం.

## గీత మీద నిలబడ్డ మెషీన్లు

2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ ఈ కథలో కీలకం. ఏఎండీ చిప్పు, 16 జీబీ మెమరీ, రెండు చేతుల్తో పట్టుకునే ఆకారం. ఆన్ చేస్తే కన్సోల్‌లాగే గేముల జాబితా వస్తుంది. ఒక మెనూలోకెళ్ళి డెస్క్‌టాప్ మోడ్ నొక్కితే మామూలు లైనక్స్ డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. తెలుగు కీబోర్డు పెట్టుకుని రిపోర్టు రాసుకోవచ్చు, కావాలంటే విండోస్ వేసుకోవచ్చు. విండోస్ కోసం రాసిన గేములు లైనక్స్ మీద నడవడానికి వాల్వ్ 2018 నుంచే ప్రోటాన్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుంది.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కోట్లాది పీసీల మధ్య స్టీమ్ డెక్ ఒక స్థిరమైన కొలత. అందరి డెక్‌లోనూ దాదాపు ఒకే చిప్పు కాబట్టి, తయారు చేసిన షేడర్లని వాల్వ్ ముందే పంపగలుగుతోంది. ఏ గేమ్ బాగా నడుస్తుందో పరీక్షించి గుర్తు వేయగలుగుతోంది. అంటే కన్సోల్ బలాన్ని తీసుకుంది, తాళం మాత్రం వేయలేదు.

ఎక్స్‌బాక్స్ ఆలై దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చింది. అది పూర్తి విండోస్ పీసీ, పైన ఎక్స్‌బాక్స్ ముఖం. అందులో స్టీమ్ కూడా పెట్టుకోవచ్చు. అయితే ఎక్స్‌బాక్స్ కన్సోల్ కోసం మాత్రమే వచ్చిన పాత గేముల డిస్కులున్నవాళ్ళకి అక్కడ నిరాశే, పీసీ రూపం లేని గేమ్ అందులో నేరుగా నడవదు. పేరు చూసి కొంటే ఇలాంటి చోటే చిక్కు.

కన్సోల్‌లోనూ సందు లేకపోలేదు. ఎక్స్‌బాక్స్‌లో డెవలపర్‌గా నమోదైతే, మన ప్రోగ్రామ్ మనం నడుపుకునే మోడ్ ఒకటి ఉంది. అది కూడా మైక్రోసాఫ్ట్ తెరిచిన తలుపే, ఎప్పుడైనా మూసేయగలదు.

## పీసీకి కూడా తాళాలు పడుతున్నాయి

కన్సోల్ పీసీలా మారుతోందని అందరూ అంటున్నారు. పీసీ కన్సోల్‌లా మారుతున్న సంగతి తక్కువమంది గమనిస్తున్నారు.

మన కుర్రాళ్ళు విపరీతంగా ఆడే వాలరెంట్ అనే ఆన్‌లైన్ తుపాకీ ఆటనే తీసుకోండి. మోసాలు పట్టుకోవడానికి అందులో వాన్‌గార్డ్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ ఉంది. అది విండోస్ అట్టడుగు పొరలో, కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచీ కూర్చుంటుంది. విండోస్ 11లో టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో లేకపోతే గేమ్ తెరుచుకోదు. సెక్యూర్ బూట్ చేసే పని సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని మెషీన్ మొదలయ్యేటప్పుడే ఆపడం. కన్సోల్ నిర్వచనంలో మనం చెప్పుకున్నది అదే కదా. లైనక్స్ మీద వాలరెంట్ అసలు నడవదు, కాబట్టి స్టీమ్ డెక్ ఎంత స్వేచ్ఛగల పీసీ అయినా ఆ ఆట దానిలో లేదు.

2024లో వాలరెంట్ పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ళకీ వచ్చింది. ఖాతా, కొనుక్కున్న తుపాకీ తొడుగులు (స్కిన్లు) అన్నీ ఉమ్మడే, కానీ కన్సోల్‌లో ఆడేవాళ్ళని పీసీ వాళ్ళతో కలిపి ఆడనివ్వరు. కారణం చేతిలో ఉన్న పరికరం. మౌస్‌తో తల మీదకి గురి పెట్టేవాడి ముందు, కంట్రోలర్ బొడిపె తిప్పేవాడు నిలవలేడు. చిప్పులు ఒకటైపోయాక కూడా గీతని ఆట తనంతట తానే గీసుకుంది.

ఈ తాళాలు అవసరమేనా? మోసగాళ్ళ చేతిలో ఓడిపోయి విసిగినవాళ్ళని అడిగితే ఇంకా బిగించమంటారు. నా కంప్యూటర్ అట్టడుగున ఒక గేమ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎందుకుండాలి అనేవాళ్ళదీ న్యాయమైన భయమే. నా వరకు రెండో వైపే మొగ్గుతాను, ఎందుకంటే అదే మెషీన్‌లో బ్యాంకు లావాదేవీలు, ఇంట్లోవాళ్ళ ఫోటోలు ఉంటాయి. కన్సోల్‌లో ఇవేవీ ఉండవు.

## ధర సంగతి: ఒక లెక్క వేసి చూద్దాం

పాత రోజుల్లో కన్సోల్ ధర ఏడాదికేడాది తగ్గేది. 299 డాలర్లకు వచ్చిన పీఎస్2, 2009 నాటికి 99 డాలర్లైంది. ఈ తరంలో తలకిందులైంది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చిన పీఎస్5, 2022 నవంబర్‌లో 54,990 అయింది. పీసీ వైపూ సుఖం లేదు, 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. కొత్త స్టీమ్ మెషీన్‌ని కన్సోల్‌లా నష్టానికి అమ్మబోమని, అదే సత్తా ఉన్న పీసీ ధరకి దగ్గరగా ఉంటుందని వాల్వ్ ముందే చెప్పింది. పీఎస్3 కథ చదివాక ఇందులో వింతేమీ కనిపించదు. తాళం లేని పెట్టెని నష్టానికి అమ్మితే ఆఫీసులు కూడా కొనుక్కుపోతాయి.

ఇక లెక్క. ఇవి తేలిగ్గా ఉండటానికి నేను అనుకున్న గుండ్రని అంకెలు, షాపు ధరలు కావు. కన్సోల్ 55,000, దాంతో సమానంగా ఆడగల అసెంబుల్డ్ పీసీ 90,000 అనుకుందాం. టీవీ, మానిటర్ ఇంట్లో ఉన్నాయి. ఏడాదికి మూడు గేముల చొప్పున ఐదేళ్ళలో 15 గేములు. కన్సోల్‌లో గేమ్ సగటున 4,500, పీసీలో తగ్గింపు అమ్మకాలు ఎక్కువ కాబట్టి 3,000. డబ్బు పెట్టి కొన్న గేములని ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే కన్సోల్‌కి చందా కట్టాలి, ఏడాదికి 4,000 వేసుకుందాం. పీసీకి ఆ చందా లేదు.

కన్సోల్: 55,000, గేములకి 67,500, చందాకి 20,000. మొత్తం 1,42,500. పీసీ: 90,000, గేములకి 45,000. మొత్తం 1,35,000. మొదట్లో ఉన్న 35,000 తేడా ఐదేళ్ళలో తిరగబడి పీసీయే 7,500 చవకైంది.

అయితే అంకెలు మార్చకుండా మనిషిని మార్చి చూడండి. ఉచిత ఆటలు మాత్రమే ఆడే కుర్రాడికి గేముల ఖర్చు లేదు, వాటికి చందా కూడా అక్కర్లేదు, అప్పుడు కన్సోల్ నేరుగా 35,000 తక్కువ. అదే కుర్రాడు ఇంజనీరింగ్ విద్యార్థి అయితే కన్సోల్ కొన్నా చదువుకి ఒక ల్యాప్‌టాప్ తప్పదు. దానికి 45,000 కలిపితే కన్సోల్ కొన్న ఇల్లే 10,000 ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. గవర్నర్‌పేట షాపులో నాన్న వాదనకి బలం ఇక్కడ ఉంది.

ఇంకో మలుపు డిస్కులది. పీసీ గేములు ఏనాడో డిస్కు వదిలేశాయి, ఖాతాలో కొన్న గేమ్‌ని ఇంకొకరికి అమ్మలేం. కన్సోల్ డిస్కు మాత్రం ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. పదిహేనులో ఏడింటిని రెండేసి వేలకి అమ్మినా 14,000 తిరిగొచ్చి కన్సోల్ ఖర్చు 1,28,500కి దిగుతుంది, మళ్ళీ పీసీ కంటే చవక. ఇంతసేపూ తాళాలన్నీ కన్సోల్ వైపే అనుకున్నాం, కొన్న గేమ్ మీద హక్కు విషయంలో డిస్కు కన్సోలే ఎక్కువ స్వేచ్ఛనిస్తోంది. పీఎస్5 డిజిటల్ ఎడిషన్ కొన్నవాళ్ళకి ఈ 14,000 రావు, ఆ మోడల్‌లో డిస్కు పెట్టే చోటే ఉండదు. వేరేగా అమ్మే డిస్క్ డ్రైవ్‌ని కొత్త స్లిమ్ రకం డిజిటల్ ఎడిషన్‌కి మాత్రం తర్వాతైనా తగిలించుకోవచ్చు, 2020 నాటి పాత డిజిటల్ మోడల్‌కి ఆ వీలు లేదు.